చెంప మీద గీత

వర్క్‌షాపు,
ఆగస్టు 9, శుక్రవారం

బావమరిది నత్తకు,

మీ బావ దీవెనలు. నేను క్షేమమని రాస్తే అబద్ధం, నువ్వు క్షేమమా అని అడిగితే సిగ్గులేనితనం. ఆ రెండూ రాసేసినట్టే అనుకొని ముందుకు చదువు.

నీ చేతి కట్టు విప్పారని కాంపౌండరు చెప్పాడు. చూపుడువేలు కాస్త వంగుతోందట, మధ్యవేలికి ఇంకా స్పర్శ రాలేదట. 

మీ అక్క నాతో మాట్లాడి నెల దాటింది. ఆ రోజు నిన్ను ఆసుపత్రిలో చేర్చి ఇంటికి రాగానే నా నాణేల పెట్టె ఎత్తి మొహాన కొట్టింది. కనుబొమ మీద నాలుగు కుట్లు. కథల్లో తప్ప ఎక్కడా లేని రాజ్యాల నాణేలన్నీ, డ్రాగన్లవీ, గాలిలో తేలే నగరాలవీ, నా రక్తంలో పడి గదంతా దొర్లాయి. పదేళ్లు వెతికి ఈమధ్యే సంపాదించిన తిమింగలం నాణెం బీరువా కిందికి పోయింది. నెత్తురు కారుతుండగానే బోర్లా పడుకొని దాన్ని చీపురుపుల్లతో బయటికి లాగాను. అది చూసి మీ అక్క నేను మనిషినే కానంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

నా వైపు సంగతి కూడా విను. ఒంటికన్ను రాణి నాణెం వేద్దామన్నది నేను, మూడు నెలలు కూర్చొని ఉక్కు అచ్చు మీద ఆ ముఖం చెక్కింది నువ్వు. ఊరికే నత్త అన్నామా నిన్ను! అమ్మకానికి ఒప్పుకున్న వంద నాణేల లెక్కలో మొదటిది కొడుతుండగానే అచ్చు సన్నగా బీటవారింది. వంద నాణేలకూ రాణి చెంప మీద గీత పడింది. యుద్ధంలో తగిలిన కత్తిగాటు అని నవ్వుకున్నాం, గుర్తుందా?

వంద పూర్తయ్యాక, ఇంకొకటి కొట్టే వీలు లేకుండా, కొన్నవాళ్ల ఎదుటే అచ్చు పగలగొట్టడం మన పద్ధతి. ఆ రోజు సుత్తి నా చేతిలో ఉంది. మీ అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. అప్పుడే కదా కొన్నవాళ్లలో ఆ బట్టతలాయన నూట ఒకటో నాణెం తెచ్చి ఇనుప దిమ్మె మీద పడేసింది! చెంప మీద గీత లేదు. గీత లేదంటే రెండో అచ్చు ఉన్నట్టే, రెండో అచ్చు చెక్కగలిగినవాడు నువ్వొక్కడివే అన్నారు అందరూ. నువ్వు భూతద్దంలో చూశావు, ఔననలేదు, కాదనలేదు. నాకు ఒళ్లు మండింది. దిమ్మె మీద ఆన్చిన నీ చేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. నువ్వు కింద పడ్డాక మిగతావాళ్లు బూటుకాళ్లతో తన్నారు. నేను ఆపలేదు. లేని రాణి కోసం నీ రెండు పళ్లు నిజంగానే ఊడాయి.

ఆదివారం మన నాణేల సంఘం సభలో నిన్ను దొంగ అని తీర్మానించి, ఇక ఎవరూ నీ చేత అచ్చు చెక్కించకూడదని రాసుకుంటారట. తప్పు ఒప్పుకుంటూ ఒక ముక్క రాసివ్వు. కాళ్లావేళ్లా పడైనా నేను వాళ్లను ఒప్పిస్తాను. ఎంతైనా నీ బావను.

ఇట్లు,
బావ

తా.క. కవరు అంటించి పోస్టుడబ్బా దాకా వెళ్లి తిరిగొచ్చాను. చింపి ఇది రాస్తున్నాను. రెండో అచ్చు లేదు. లెక్క మొదలుపెట్టడానికి ముందు రోజు, నువ్వు జ్వరంతో పడుకొని ఉంటే, అచ్చు సరిచూడటానికి నేను మూడు నాణేలు కొట్టాను. అప్పటికి బీట లేదు. రెండు కరిగించి ఒకటి దాచాను. అది ఇచ్చే తిమింగలాన్ని తెచ్చుకున్నాను. ఎవరికీ చూపనని ఒట్టేసి తీసుకున్నవాడు రెండు వారాలకే దాన్ని చేతులు మార్చాడు. భూతద్దంలో చూడగానే అది బీటవారకముందు నీ అచ్చుతోనే కొట్టిందని నీకు తెలిసిపోయింది. తలెత్తి నన్ను చూశావు. గుమ్మంలో ఉన్న మీ అక్కను చూశావు. నోరు మెదపలేదు. ఎక్కడ మెదుపుతావోనని సుత్తి ఎత్తాను. ఆదివారం సభకు వెళ్లు. ఈ కాగితం అందరికీ వినబడేలా చదవమని మీ అక్క చేతికే ఇవ్వు.