ఒంటి ముడి బసవమ్మది

గద్వాల,
2 ఆగస్టు 2006

గౌరవనీయులైన జింక షూస్ కంపెనీ సేల్స్ ఆఫీసర్ అశోక్ గారికి,

గద్వాల శ్రీ జములమ్మ ఫుట్‌వేర్‌లో పనిచేసే సుమన నమస్కరించి రాస్తున్నది. మీ జాబు అందింది. దసరాలోగా జింక పరుగు బూట్లు అమ్మకపోతే ఏజెన్సీ రద్దు చేసి సరుకు వెనక్కి తీసుకుంటామన్నారు. ఆ జాబును మా యజమాని శ్రీశైలం అన్నకు చదివి వినిపించాను. "ఏజెన్సీ పోతే ఇంక నీకు పనేముంటది బిడ్డా? చెప్పులమ్మనీకి నేనొక్కన్ని చాలు" అన్నారు.

సార్, మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. డిగ్రీ పాసై ఈ ఉద్యోగంలో చేరిన రోజు మా అమ్మ పార్వతమ్మ మానవపాడులో వీధంతా బెల్లం పంచింది. ఉద్యోగం పోతే నేను మళ్లీ పత్తి విత్తనాల చేనుకే పోవాలి. పంచిన బెల్లాన్ని వెనక్కి అడగలేం కదా. దసరా దాకా ఓపిక పట్టండి. నలభై ఎనిమిది జతలూ అమ్మే పూచీ నాది.

ఇట్లు,
నలభై ఎనిమిది జతల నడుమ కూర్చున్న
సుమన

తా.క.: నిజానికి ఒక జత జూన్‌లోనే అమ్ముడైంది. కొన్న హోంగార్డు బాలస్వామి గారు వారానికే వెనక్కి తెచ్చారు. "తొడుక్కున్నా గాని ఉరకబుద్ధి అయితలేదు" అని ఫిర్యాదు. దీనికి గ్యారంటీ వర్తిస్తుందా?


హైదరాబాద్,
9 ఆగస్టు 2006

కుమారి సుమన గారికి,

ఉరకబుద్ధికి గ్యారంటీ లేదు.

దసరా దాకా గడువు ఇస్తున్నాం. పాత సరుకు కాబట్టి సగం ధరకు అమ్మవచ్చు. అయితే ఒక నియమం. జింక పరుగు వీరుల బూటు. కంపెనీ పరువు దృష్ట్యా పరుగెత్తేవారికే అమ్మాలి. కొన్నవారి వివరాలు జతచేసిన ఫారంలో నింపి పంపండి. మాకు రోజుకు నలభై ఉత్తరాలు వస్తాయి. క్లుప్తంగా రాయండి.

భవదీయుడు,
అశోక్, సేల్స్ ఆఫీసర్

తా.క.: బెల్లం సంగతి కంపెనీ ఫైలులో పెట్టడం కుదరదు. పెట్టాను.


గద్వాల,
24 ఆగస్టు 2006

గౌరవనీయులైన అశోక్ గారికి,

సార్! అయిపోయాయి! నలభై ఎనిమిదీ అయిపోయాయి! శ్రీశైలం అన్న ఖాళీ అర ముందు కుర్చీ వేసుకుని దాన్నే చూస్తున్నారు.

ఎలాగో చెబుతాను. బాలస్వామి గారు తిరిగిచ్చిన జతను ఆదివారం మా అమ్మకు తీసుకెళ్లాను. అమ్మ విత్తన పత్తి చేనులో కూలీ. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, మరునాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కో మొగ్గకూ పుప్పొడి రుద్దాలి. రోజంతా నిలబడే పని. మడమలు పగిలి రక్తం వచ్చేది. బూట్లు తొడుక్కున్న రోజు సాయంత్రం ఇంటికి వచ్చి, మొదటిసారి కాళ్లు పట్టమనకుండా అన్నం పెట్టమంది. మర్నాడు ముఠా మేస్త్రి బసవమ్మ అమ్మను గట్టు మీద కూర్చోబెట్టి, ఆ బూట్లు విప్పించి, తాను తొడుక్కుని రెండు సాళ్లు నడిచి వచ్చింది. "పార్వతీ, గియ్యి బూట్లు కావు, పరుపులు" అంది. ఆ వారంలో ముఠాలవాళ్లందరూ మా కొట్టుకు వచ్చారు.

ఒక్క చిక్కు వచ్చింది. గట్టు మీద విడిస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. చేనులో పుప్పొడి రుద్దిన పువ్వుకు ఎర్రదారం కడతారు, దారం ఉన్న పువ్వును ఇంకొకరు ముట్టకూడదు. అదే పద్ధతి బూట్లకూ పెట్టారు. ఎడమ బూటుకు ఎర్రదారం. ఒక ముడి ఉంటే బసవమ్మది, రెండు ముళ్లయితే మా అమ్మది, అట్లా పోతుంది.

మీ ఫారం నిజాయితీగా నింపాను:

రోజుకు ఎన్ని గంటలు: పన్నెండు.
వయసు: పద్దెనిమిది నుంచి అరవై.
శిక్షణ ఇచ్చేవారు: బసవమ్మ.
మైదానం: ఎనిమిది ఎకరాలు.
వేగం: పూటకు ఐదు వందల పూలు.
పోటీలు: ఇటిక్యాల ముఠాతో, ఏటా.

ఇట్లు,
ఖాళీ డబ్బాల నడుమ నిలబడిన
సుమన

తా.క.: వీళ్లు పరుగెత్తరు సార్. ఆ ఒక్క గడి ఫారంలో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.


హైదరాబాద్,
1 సెప్టెంబర్ 2006

ప్రియమైన సుమన గారికి,

మీ ఉత్తరం నాలుగు పేజీలుంది కాబట్టి ఫారం మాత్రమే చదివాను. చదివి కుర్చీలోంచి లేచాను! రోజుకు పన్నెండు గంటల సాధన! అరవై ఏళ్ల మహిళలు! మానవపాడులో ఇంత పెద్ద పరుగు జట్టు ఉందని ఈ దేశానికి తెలియదు!

మా ఎండీ గారికి చెప్పాను. ఫొటోగ్రాఫర్‌తో సహా 12వ తేదీన స్వయంగా మీ మైదానానికి వస్తున్నారు. మరో వంద జతలు, ఒక విజిల్, ఒక స్టాప్‌వాచీ లారీలో పంపుతున్నాను. మీ ఏజెన్సీ భవిష్యత్తు ఆ రోజు జట్టు చూపించే పరుగు మీద ఆధారపడి ఉంటుంది. నాదీ.

మీ శ్రేయోభిలాషి,
అశోక్

తా.క.: ఐదు వందల పూలంటే ఎన్ని కిలోమీటర్లు?


గద్వాల,
13 సెప్టెంబర్ 2006

గౌరవనీయులైన అశోక్ గారికి,

మీ జాబు 11వ తేదీ సాయంత్రం అందింది. 12 పొద్దున్నే ఎండీ గారు దిగారు. మీకు జ్వరమని చెప్పారు. తగ్గిందా? ఈ ఉత్తరాన్ని మాత్రం చివరిదాకా చదవండి, చేతులు జోడిస్తున్నాను.

"రన్నర్లు ఎక్కడమ్మా?" అని అడిగారు. చేను చూపించాను. చీరల మీద మగవాళ్ల చొక్కాలు, తలకు తువ్వాళ్లు, కింద జింక బూట్లు, ఎర్రదారాలు. పదిహేను మంది వరసగా నిలబడి పువ్వులు రుద్దుతున్నారు. ఎవరూ కదలడం లేదు. ఎండీ గారు చాలాసేపు గడియారం చూసుకున్నారు.

ఫొటోగ్రాఫర్ అడిగాడు: "అమ్మా, ఒక్కసారి ఉరకండి."

"ఎందుకు ఉరకాలె? ఎవలన్న తరుముతుండ్రా?" అంది బసవమ్మ.

"ఫొటో కోసం."

"ఎండ ముదిరితె పువ్వు వాడిపోతది. మాట్లాడేది ఉంటే సాల్లకు వచ్చి, చెయ్యి ఆడించుకుంట మాట్లాడు సారూ."

నిజంగానే ఎండీ గారు సాలులోకి దిగారు. బసవమ్మ ఆయన చేతికి ఒక మగపువ్వు ఇచ్చింది. గంట గడిచేసరికి ఆయన తోలు బూట్లు విప్పి, మడమ పట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. కొత్త సరుకులోంచి ఆయన సైజు జత తెప్పించి తొడిగించాను. మధ్యాహ్నం దాకా మళ్లీ కూర్చోలేదు.

"వీటిని పరుగు కోసం చేశాం" అని గొణిగారు.

"నిలబడనీకి అయితే ఇంకా మంచిగున్నయి. మీకే తెల్వదు" అంది బసవమ్మ.

ఆ మాటను చిన్న పుస్తకంలో రాసుకున్నారు. నవ్వలేదు, తిట్టలేదు. కారెక్కి వెళ్లిపోయారు. సార్, దసరా ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది. నన్ను ఉంచుతారా, తీస్తారా?

ఇట్లు,
నిన్నటి నుంచి అన్నం సయించని
సుమన

తా.క.: విజిల్ బసవమ్మ దగ్గర ఉంది. చాయ్‌కి ఊదుతోంది. స్టాప్‌వాచీతో శ్రీశైలం అన్న బేరాలు ఎంతసేపు పడుతున్నాయో కొలుస్తున్నారు. ఇప్పటిదాకా రికార్డు ఒక గంట నలభై నిమిషాలు.

ఇంకొక తా.క.: ఎండీ గారి తోలు బూట్లు గట్టు మీదే ఉండిపోయాయి. ఎవరూ ముట్టకుండా మా అమ్మ ఎర్రదారంతో ఇరవై ముళ్లు వేసింది.


హైదరాబాద్,
18 సెప్టెంబర్ 2006

ప్రియమైన సుమన గారికి,

మూడుసార్లు చదివాను. మీ ఆగస్టు ఉత్తరాన్ని కూడా ఫైలులోంచి తీసి, ఈసారి తా.క. దాకా చదివాను. నాకు జ్వరం రాలేదు. భయం వచ్చింది.

ఎండీ గారు ఆ పదిహేను మంది ఫొటోను పెద్దది చేయించి కోఠిలో, ఆబిడ్స్‌లో కొట్ల అద్దాలకు అంటించారు. కింద ఒకే మాట: "నిలబడనీకి ఇంకా మంచిగున్నయి." నాలుగు రోజులకే కాలేజీ పిల్లలు ఎగబడ్డారు. జీన్స్ ప్యాంటు కింద జింక, కుర్తా కింద జింక. ఇరానీ చాయ్ దగ్గర, బస్టాపులో, సినిమా క్యూలో అన్నీ అవే బూట్లు. ఒక్కడూ పరుగెత్తడం లేదు, అందరూ నిలబడే ఉన్నారు!

మీ ఏజెన్సీపై నిర్ణయం వారంలోగా అందుతుంది. అంతకుమించి ఇప్పుడు చెప్పకూడదు.

సిగ్గుతో,
అశోక్

తా.క.: కొత్త సరుకులో కంపెనీ ఒక చిన్న ముచ్చట చేర్చింది. చూసి మీరే సంతోషిస్తారు.


గద్వాల,
24 సెప్టెంబర్ 2006

గౌరవనీయులైన అశోక్ గారికి,

ఇక్కడా అంతే సార్! వనపర్తి కాలేజీ అమ్మాయిలు లంగావోణీ కింద జింక తొడుగుతున్నారు. కొత్తకోట లారీ మెకానిక్కులు, గద్వాల ఆటోవాళ్లు, అందరూ! నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్లికొడుకు పంచె కింద జింకతో మండపానికి వచ్చాడట. అందరూ "బసవమ్మ బూట్లు ఉన్నయా?" అని అడుగుతున్నారు.

కానీ మీ నిర్ణయం రాలేదు, మీరన్న ముచ్చటతో కొత్త సరుకూ ఇంకా రాలేదు. పైగా నిన్న గొడవ జరిగింది. రేపు ఎవరైనా కంపెనీకి ఫిర్యాదు చేస్తారేమోనని నేనే ముందు చెబుతున్నాను.

నిన్న సంత. ముఠా అంతా మా కొట్టు ముందు ఉంది. హైదరాబాద్ బస్సు ఆగింది. సన్నగా, కళ్లద్దాలు పెట్టుకున్న ఒకతను దిగి నవ్వుతూ మా వైపు వచ్చాడు. బసవమ్మ చూపు అతని ఎడమ కాలి మీద పడింది. ఎర్రదారం. ఒంటి ముడి!

"ఏయ్, ఆగు! నా బూట్లు నీ కాళ్లకెట్ల వచ్చినయి?"

"మీవి కావమ్మా, నావే. దారం కంపెనీలోనే కట్టారు."

"కంపెనీకి నా ముడి ఎట్ల ఎరుక? నాలుగు దినాలాయె నా జత దొరుకుతలేదు. ఇప్పు!"

అతను నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండి" అన్నాడు. నేను వంగి చూశాను. ఒంటి ముడే. నియమం నియమమే కదా సార్. "విప్పండి" అన్నాను. విప్పాడు. "కంపెనీ మనిషినండీ, కాగితం బ్యాగులో ఉంది" అని అతను వెనక్కి తిరిగేసరికి, బ్యాగు బస్సులో ఉంది, బస్సు రాయచూరు దారి పట్టింది. అతను దాని వెనక పరుగు తీశాడు. జింక బూట్లు వచ్చాక మా ఊళ్లో ఒక మనిషి పరుగెత్తడం ఇదే మొదటిసారి. అదీ బూట్లు లేకుండా.

తప్పైతే తప్పు నాదే, శ్రీశైలం అన్నది కాదు.

ఇట్లు,
నిర్ణయం కోసం వాకిట్లోనే నిలబడిన
సుమన

తా.క.: బసవమ్మ జత రాత్రి మంచం కింద దొరికింది. ఇప్పుడామెకు రెండు జతలు. ఒకటి చేనుకట, ఒకటి సంతకట.


హైదరాబాద్,
28 సెప్టెంబర్ 2006

ప్రియమైన సుమన గారికి,

రాయచూరు బస్సును రెండో మలుపు దాకా తరిమాను. తర్వాత ఒక ఆటో ఆయన జాలిపడి ఎక్కించుకున్నాడు. ఆయన కాళ్లకూ జింకే. హైదరాబాద్‌కు తిరిగొస్తుంటే కొత్తకోటలో ఒక మెకానిక్ హవాయి చెప్పులిచ్చాడు, రెండూ ఎడమ కాలివే. అవునండీ, ఆ సన్నటి మనిషిని నేనే.

ఈసారైనా ఫారాలు నమ్మకుండా మీ చేతికే కాగితం ఇవ్వాలనుకున్నాను. పేరు చెప్పేలోపు మీరు తీర్పు చెప్పారు. తీర్పులో తప్పు లేదు. ఫొటో చూసి మా ఫ్యాక్టరీవాళ్లు ప్రతి జతకూ ఒక్కో ముడి వేసేశారు. అంటే రెండు వేల జతలూ బసవమ్మ గారివే అయ్యాయి! ఎండీ గారికి చెబితే నవ్వి, ముళ్లన్నీ విప్పించారు. ఇకపై దారం డబ్బాలో విడిగా ఉంటుంది. ఎవరి ముడి వారే వేసుకోవాలి.

బ్యాగు రాయచూరు డిపోలో దొరికింది. కాగితం జతచేశాను. క్లుప్తంగా చెబుతాను: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటికీ జింక ఏజెన్సీ మీ పేరు మీదే. కొట్టు శ్రీశైలం గారిదే. ఆయనకు ముందే రాశాం, ఒప్పుకున్నారు. స్టాప్‌వాచీ తనకే ఉంచాలన్నది ఒక్కటే షరతు. అమ్మగారిని మళ్లీ బెల్లం పంచమనండి. నా వంతు ముక్క పక్కన పెట్టండి.

మీ ఉత్తరాలన్నీ చివరిదాకా చదువుతానని మాట ఇస్తూ,
అశోక్

తా.క.: దసరా తర్వాత మళ్లీ వస్తున్నాను. కొత్త జతకు ఒక ముడి వేస్తే బసవమ్మ గారిది, రెండు వేస్తే అమ్మగారిది. మూడు వేస్తే ఆఫీసంతా నవ్వింది. నాలుగు వేశాను. దయచేసి సంతలో ముందే చాటింపు వేయించండి.