రెండో ఉప్పు మూట

నల్లగండ్ల,
ఆదివారం.

అత్తయ్యగారికి,

మీ కోడలు భవాని నమస్కారాలు. ఇక్కడ మీ అబ్బాయి, సంయుక్త, నేను క్షేమం. అక్కడ మీరు, మరిదిగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను. ఈ 'క్షేమం' అన్న మాట రాసి కాసేపు కలం పక్కన పెట్టాను. ప్రతి ఉత్తరంలోనూ ఆలోచించకుండా రాసేసే మాట ఇది. ఈసారి మీరడిగినవాటికి జవాబు రాయాలంటే ముందు దీని సంగతే తేలాలనిపించింది. నొప్పి ఉంది, క్షేమంగానూ ఉన్నాను. రెండూ ఒకే వాక్యంలో రాయడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.

మీ చెవి మిషను సొరుగులోనే పడుకుని ఉందని మరిదిగారు చెప్పారు. "ఫోన్లో నీ గొంతు చీమ నడిచినట్టుంటుంది, కాగితం మీద రాయి" అన్నారు మీరు. నాకూ అదే మేలు. ఫోన్లో మీరు "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగ్గానే నా నోరు "బానే ఉందండి" అనేస్తుంది. చెయ్యి అంత తొందరగా అబద్ధమాడదు.

మీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. మార్గశిరంలో మామయ్యగారి తద్దినం, పోయినేడు నాకు కుదరక మీరే వండారు, ఈ ఏడు మీ వల్ల కాదు. "నువ్వు చెయ్యగలవా లేదా, నిజం రాయి. చెయ్యలేకపోతే ఇక్కడే కాకినాడలో మఠంలో జరిపించేద్దాం, ఎవరికీ బాధ ఉండదు." ఆ చివరి ముక్క దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మామయ్యగారు ఆఖరి రోజుల్లో కూర్చున్న బాల్కనీ ఇదే కదా. ఇక్కడి నుంచే కింద వాచ్‌మన్ లింగయ్యని కేకేసి క్రికెట్ స్కోరు అడిగేవారు. ఆ తద్దినం ఈ ఇంట్లోనే జరగాలని, నా చేత్తోనే జరగాలని నాకుంది. చెయ్యగలనా అన్నదే ప్రశ్న. అందుకే మీరడిగినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకొస్తాను.

ఇది వాతమా అన్నారు. కాదట. డాక్టరు వసంతగారు వేళ్ళు, మోకాళ్ళు అన్నీ నొక్కి చూశారు. కీళ్ళు అరగలేదు, వాపు లేదు. నొప్పి కబురు మోసే నరాలూ, దాన్ని అందుకునే మెదడూ మరీ ఎక్కువగా ఉలిక్కిపడుతున్నాయన్నారు. ఫైబ్రోమయాల్జియా అని పేరు. మీరు 'ఆ ఫైబ్రో ఏదో' అని రాశారు, నేనూ చాలాకాలం అలాగే అన్నాను.

ఎక్స్‌రేలో లేనిది ఒంట్లో ఎలా ఉంటుందన్నారు. ఇది నన్నూ తిన్న ప్రశ్నే. ప్రతి రిపోర్టూ నార్మలని వస్తుంటే సంతోషించాల్సింది పోయి, ఒక్కదాంట్లోనైనా ఏదో ఒకటి బయటపడితే బావుండునని మొక్కుకున్న రోజులున్నాయి. నేనే నటిస్తున్నానేమో, పని తప్పించుకోడానికి నా మనసే ఈ నాటకం ఆడుతోందేమో అని నా మీద నాకే అనుమానం. మంచి రోజు రాగానే నిన్నటి నొప్పి అబద్ధమనిపించేది.

దసరాకి మా మాదాపూర్ ఆఫీసులో ఆయుధ పూజ చేశాం. కంప్యూటర్లకి బొట్లు పెట్టి, మా టీములో అమ్మాయి స్రవంతి రెండు అగరొత్తులు వెలిగించిందో లేదో, పొగ అలారం మోగింది. మైకులో అందరూ కిందికి దిగమని ఒకటే గోల. లిఫ్టులు ఆగిపోయాయి. పైఅంతస్తు నుంచి అంతమందిమీ మెట్లు దిగాం. కింద ఎండలో నిలబడి స్రవంతి, "మేడం, అమ్మవారు ఇంత తొందరగా పలుకుతుందనుకోలేదు" అంటుంటే అందరం నవ్వాం. నిప్పు లేదు, ఏమీ కాలలేదు. కానీ దిగినవాళ్ళ పిక్కలు మర్నాటిదాకా లాగాయి, ఆ లాగడం ఎవరూ నటించలేదు. డాక్టరుగారు అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది నాకు ఆ ఎండలో ఎక్కింది. నా ఒంట్లో అలారం అగరొత్తికే మోగుతోంది. మంట లేకపోవచ్చు, మోత మాత్రం నిజం.

ఇక మీ మూడోది. శ్రావణంలో మరిదిగారి గృహప్రవేశానికి పాలు పొంగించిన దగ్గర్నుంచి విస్తళ్ళు ఎత్తేదాకా నవ్వుతూ తిరిగాను, వారం తిరక్కుండా కాఫీ గ్లాసు ఎత్తలేకపోతున్నానన్నాను. "ఈ రెండిట్లో ఏది నిజమే?" అన్నారు. రెండూ నిజమేనండి. మొదటిదాంట్లోంచే రెండోది పుట్టింది. ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజున బకాయిపడ్డ పనులన్నీ ఒక్కసారే మీదేసుకోవడం నా తప్పు. మొన్నామధ్య అలాగే అటక సర్ది మర్నాడు మంచమెక్కితే, పనిచేసే యాదమ్మ గుమ్మంలో నిలబడి బుగ్గ నొక్కుకుంది.

"ఏందమ్మా, నిన్న సామాన్లన్నీ దించి ఎగిరితివి, ఇయ్యాల గిట్ల పండుకున్నవ్. దిష్టి తగిలిందా?"

"దిష్టి కాదు యాదమ్మా, నిన్న చేసిన పనే."

"అయితే పనికే దిష్టి తగిలింది. జర పండుకో, ఫికర్ చెయ్యకు. నీ అటక యాడికి పోదు."

అలా నొప్పి ఒక్కసారిగా పైకి లేచే రోజులుంటాయి. ఉన్న నొప్పే రెట్టింపై, ఎక్కడని అడిగితే ఎక్కడ లేదో చెప్పడమే తేలికవుతుంది. పొద్దున లేస్తే ఒళ్ళంతా కొయ్యబారి ఉంటుంది, పడుకున్నానన్న మాటేగానీ నిద్రపోయినట్టుండదు. గాజులు బరువనిపిస్తాయి. సంయుక్త వెనకనుంచి వచ్చి వాటేసుకుంటే కందిన చోట తాకినట్టుంటుంది. అది చెయ్యి తీసేసి "సారీ అమ్మా" అంటుందే, అదే నాకు ఎక్కువ నొప్పి. అన్నిటికన్నా భయపెట్టింది మాటలు దొరక్కపోవడం. ఒకరోజు మీటింగులో రోజూ అనే 'డెడ్‌లైన్' అన్న మాట నోటికి రాక, అందరి ముందూ "అదే, పని అయిపోవాల్సిన రోజు" అన్నాను. ఇంటికొచ్చి గరిటె పట్టుకుని దాని పేరు కోసం వెతుక్కున్నాను. నాకు మతిమరుపు జబ్బేదో వస్తోందని భయపడిపోయాను. అదీ ఈ జబ్బులో భాగమేనని, నొప్పి తగ్గితే మాటలూ తిరిగొస్తాయని తెలిశాక కాస్త ఊపిరాడింది. వచ్చాయి కూడా.

ఆకాశం చూడకుండానే గాలి వాసన పట్టి "వడియాలు తీసెయ్యవే, వాన" అంటారు మీరు. నాకూ ఇప్పుడు ఆ వాసన కొంచెం పట్టుబడుతోంది. వరసగా నిద్ర చెడితే, ఆఫీసులో ఎవరితోనైనా మాటామాటా పెరిగితే, ఆ ఏసీ చలిలో రోజంతా కూర్చుంటే, ముసురు పడితే, మరీ ఎక్కువ చేసేస్తే రాబోతోందని తెలుస్తుంది. శాలువా కప్పుకుని వెళ్తాను. "మేడం, మీరు ఆఫీసుకొస్తున్నారా, మంచుకొండలకి వెళ్తున్నారా?" అంటుంది స్రవంతి. అననీ. మా మేనేజరుకి జబ్బు పేరు చెప్పేశాను, చెప్పాక ప్రాణం తేలికపడింది. బాగున్న రోజునా కొంచెమే చేస్తాను, బాగాలేని రోజునా కొంచెం నడుస్తాను. పూర్తిగా పోదట. కానీ వచ్చింది వెళ్తుందనీ, ఒంట్లో దేన్నీ విరిచి వెళ్ళదనీ తెలియడం చిన్న విషయం కాదండి. దీపావళి తరవాత వచ్చింది త్వరగానే వెళ్ళింది. ఈ ఉత్తరం కూడా ఒకే బిగిన రాయడం లేదు. మధ్యలో లేచి రెండుసార్లు బాల్కనీలో తిరిగొచ్చాను.

కాపడం పెట్టుకుంటున్నావా అని అడిగారు. పెట్టుకుంటున్నాను. మామయ్యగారి పాత పంచె చింపి మీరు కట్టిన ఉప్పు మూటలే. ఉప్పు మారుస్తాను, గుడ్డ అదే.

ఇక తద్దినం. గారెలకి భయం లేదు, అల్లం పచ్చడి రుబ్బడానికీ మధ్యమధ్య ఆగితే భయం లేదు. నాకు భయం తడిబట్ట. మార్గశిరం చలిలో తెల్లారకుండా తలస్నానం చేసి, తడిసిన చీర ఒంటిమీదే ఆరేలా పొయ్యి దగ్గర నిలబడటం. ప్రతి ఏడూ ఆ మర్నాటినుంచే నేను మంచం పట్టేదాన్నని ఇప్పుడు వెనక్కి లెక్కేసుకుంటే తెలుస్తోంది. ఆరిన మడిబట్ట చాలదా అని పురోహితులు నరసింహమూర్తిగారిని ఫోన్లో అడిగాను. ఆయన, "అమ్మా, తడిబట్ట శాస్త్రం కాదు, మీ ఇంటి ఆచారం. మీ ఇంటి ఆచారానికి మీ అత్తగారు అమ్మణ్ణిగారే శాస్త్రం. ఆవిణ్ణే అడుగు, నన్ను మధ్యలో పెట్టకు" అని ఫోను పెట్టేశారు. మీరంటే ఆయనకీ భయమే.

అంచేత మిమ్మల్నే అడుగుతున్నాను. అడిగేముందు ఒకటి చెప్పాలి. ఇంత రాసినా ఇప్పటిదాకా రాయనిది.

పోయినేడు తద్దినం పొద్దున నేను దూరమయ్యానని చెప్పాను. కాలేదండి. ఆ రోజు భుజాలు పైకి లేవలేదు, చన్నీళ్ళ చెంబు ముట్టుకుంటే ఏడుపొచ్చింది. అప్పటికి దీనికి పేరు కూడా లేదు, చేతిలో ఉన్నవన్నీ నార్మల్ రిపోర్టులే. ఏమని చెప్పను? మనింట్లో ఏ రిపోర్టూ అడక్కుండా నమ్మే ఒంటి బాధ అదొక్కటే. "ఇవాళే రావాలా" అని నిట్టూర్చి, మీరు ఈ వయసులో తడిబట్ట కట్టుకుని ఒక్కరూ వంటంతా చేశారు. నేను మూల గదిలో కూర్చుని గారెల నూనె చప్పుడు విన్నాను.

ఈ ఏడూ అదే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ వేసవినుంచి నాకు నెలసరి ఆగిపోయిందండి. దేవుడు ఆ సాకు కూడా లాగేసుకున్నాడు. ఇక నా దగ్గర మిగిలింది నిజమొక్కటే. రాయడం మొదలుపెట్టాక అది అంత బరువుగా లేదు.

అయితే ఆనాటి సంగతి ఒకటి నన్ను ఏడాదిగా వదలడం లేదు. మధ్యాహ్నం మీ అబ్బాయి గది గుమ్మంలో ఉప్పు మూటలు పెట్టారు. "అమ్మ కాచి ఇచ్చింది. ఒకటి నడుముకి, ఒకటి భుజాలకి అంది." దూరమైనవాళ్ళకి నడుము నొప్పని ఒక మూట పంపడం మనింట్లో మామూలే. రెండోది ఎందుకు పంపారు? భుజాల సంగతి ఆ రోజు నేను ఎవరికీ చెప్పలేదు.

తెలిసే ఆ తడిబట్ట కట్టుకున్నారా అత్తయ్యగారూ? తెలిసే మళ్ళీ ఇప్పుడు 'ఏది నిజం' అని అడిగారా? నమ్మక కాక, నా నోటితో వినాలని అడిగారేమో అనుకుంటున్నాను. అనుకోవడమే బావుంది. కాదంటే మాత్రం రాయండి.

నాకు మీరు వండిపెట్టక్కర్లేదు. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని, ఉప్పెంతో చెప్తూ ఉండండి. నేను ఆరిన బట్టతో వండుతాను, మధ్యలో కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. ఆ రోజు నొప్పి లేస్తే లేచిందని చెప్తాను. మిగతాది సంయుక్త అందుకుంటుంది. మొన్న దానికి గారె తట్టడం నేర్పాను, చిల్లు మాత్రం పక్కకి పోతోంది.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి లింగంపల్లిలో దిగండి. నేను స్టేషన్‌కి వస్తాను. ఒకవేళ ప్లాట్‌ఫారం మీద మీ అబ్బాయి ఒక్కరే కనబడితే ఏమైందని ఆయన్ని అడగకండి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోగానే పెనం పొయ్యి మీద పెట్టి ఉప్పు పొయ్యండి. ఈసారి మూడు మూటలు కడదాం. ఆ మూడోది మీ మోకాళ్ళకి.

ఇట్లు,
మీ పీట తుడిచి పెట్టుకుని ఎదురుచూస్తున్న
మీ పెద్ద కోడలు,
భవాని