టికెట్ అక్కర్లేనివాళ్ళు

అన్నయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసాయేనని రాస్తావు గానీ నేను నమ్మను. మోకాలి నొప్పి సంగతి దాచకుండా రాయి. కొత్త కుట్టుమిషను ఎలా ఉందని అడిగావు. కుట్టు బాగానే పడుతోంది, దాని మోతకి ఇంటివాళ్ళు ఖాళీ చేయమంటారేమోనని భయం. మీ బావగారికి దగ్గు తగ్గింది. నీ మేనకోడలికి ముందు పళ్ళు ఊడాయి. నోరు మాత్రం మూతపడలేదు.

మొన్న నేను పనిచేసే కుట్టుషాపు ఆవిడ పనివాళ్ళందరినీ పిల్లలతో సహా షికారు తీసుకెళ్ళింది. ఎక్కడికో బస్సెక్కాక గానీ చెప్పలేదు. ఒకప్పుడు నువ్వు శిక్ష అనుభవించిన మిలిటరీ జైలుకి. ఇప్పుడది చూడ్డానికి జనం వస్తున్నారు అన్నయ్యా. బయట ఐస్‌క్రీం బండి, లోపల సంకెళ్ళు వేసుకుని ఫొటోలు దిగే చోటు. మా కత్తిరింపు మాస్టారు ఒక గదిలో దూరి, ఊచలు పట్టుకుని ఏడుపు నటించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అసలు సంగతి రాయలేక ఇందాకటి కాగితం చించేశాను. ఇక దాచను.

లోపలికి వెళ్ళకముందే, గేటు దగ్గర టికెట్లిచ్చే పెద్దాయన కేకేశాడు. "ఇక్కడ శిక్షపడ్డవాళ్ళ తాలూకు ఎవరైనా ఉంటే ఇటు రండమ్మా, మీకు టికెట్ అక్కర్లేదు."

పిల్ల నా చెయ్యి విడిపించుకుని ముందుకెళ్ళింది. "మా మావయ్య ఉన్నాడిక్కడ. జనం మీద కాల్చమంటే కాల్చనన్నాడు" అంది. నువ్వు చెప్పిన మాటే, పొల్లు పోకుండా. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

షాపు ఆవిడ కొడుకు పటాలంలో ఉన్నాడు. నువ్వు ఓడల్లో పనిచేశావని ఆవిడతో చెప్పి ఉన్నాను. "మీ అన్నయ్యా?" అంది నా వైపు తిరిగి. "అబ్బే, ఎవరో చెప్పిన కథ. దీనికి గొప్పలు చెప్పుకోవడం అలవాటు" అన్నాను. పెద్దాయన కూర్చున్నాడు. పిల్లకీ టికెట్ తీసుకున్నాం.

సిగ్గుతో చచ్చిపోతున్నాను అన్నయ్యా. పటాలమంతా ఎదురుగా నిలబడినా నువ్వు జంకలేదు. నేను ఒక్క షాపు ఆవిడ మొహం చూసి జంకాను.

ఇంటికొచ్చాక మీ బావగారు, "ఏమ్మా, మావయ్య ఉన్న చోటు చూశావా?" అని అడిగారు. పిల్ల నా వైపు చూసి, "అక్కడ మనవాళ్ళెవరూ లేరు నాన్నా" అంది.

షాపు ఆవిడకి ఈ ఉదయం నిజం చెప్పేశాను. పని ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఆదివారం మళ్ళీ వెళ్ళి, ఆ పెద్దాయనకి పిల్ల ఎదుటే చెప్దామనుకున్నాను. అది రానంటోంది. నువ్వే దానికొక ఉత్తరం రాయి. నా మాట అది నమ్మడం లేదు.

ఇట్లు,
నిన్ను కాదన్న
నీ చెల్లెలు