మన బడిలో తల్లిదండ్రుల వంతు

రూతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బెల్లంపల్లిలో మనం తల్లిదండ్రులమంతా కలిసి పెట్టుకున్న బడిలో పొద్దున మీటింగు జరిగింది. నెలకొకరోజు ప్రతి పిల్లాడి తల్లో తండ్రో వచ్చి తరగతిలో కూర్చోవాలన్న నీ నియమాన్ని తీసేశారు. ముందుగా చెయ్యెత్తింది నా కొడుకే. నువ్వు అక్షరాలు దిద్దించినవాడు.

"పంతుళ్లున్నరు గద బాపూ! డ్యూటీలు ఇడిసిపెట్టి ఎవరొస్తరు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ బొగ్గుబాయిలో షిఫ్టు దిగొచ్చి ఒకప్పుడు నేనూ నీతో అదే అన్నాను. "బాయిల ఏం జేస్తవో గదే చెప్పు తమ్మీ, పిల్లలు వింటరు" అంటూ నన్ను లోపలికి లాక్కెళ్లావు. ఆ రోజు పిల్లలు నన్ను ఇంటికి పోనివ్వలేదు.

ఇదంతా చెప్పబోయేలోపే అందరూ లేచిపోయారు. రేపు మనవడి తరగతికి వెళ్తున్నాను. గేటు దగ్గర ఆపితే కొట్లాడతాను.