ఆరని కుర్చీ

పెద్దోడికి అమ్మ దీవెనలు. ప్రభువు దయవల్ల నేనూ మీ నాన్నా బాగున్నాం. నువ్వూ కోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బాగున్నాం అని అలవాటుగా రాసేశాను గానీ, ఈసారి ఉత్తరం చివరిదాకా చదివి ఆ సంగతి నువ్వే తేల్చుకో.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. మోకాలు నొప్పి తగ్గలేదు, పెరగలేదు, ఇంట్లో మనిషిలా ఉండిపోయింది. కుర్చీలు అల్లే పని మానేయమన్నావు. మానేస్తే పొద్దస్తమానం మీ నాన్న ముఖం చూస్తూ కూర్చోవాలి, దానికంటే మోకాలు నొప్పే నయం. మొన్న హోటలువాళ్లు సీట్లు తెగిన కుర్చీలు బండెడు పంపారు. ప్లాస్టిక్ వైరు లాగి లాగి వేళ్లు కాయలు కాశాయి గానీ చేతినిండా పనుంది.

ఫోనులో నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్న చప్పుడేంటి, కొళాయి బాగు చేయించుకోలేరా అని కోప్పడ్డావు. కొళాయి కాదురా. నీ మాట విని మీ నాన్న వాషర్లు మార్చి, పైపులు బిగించి, ఇంజనీరులా ఇల్లంతా తిరిగాడు. చప్పుడు ఆగలేదు. అసలు ఆయనకి వినబడితేగా. అంత దూరాన ఉన్న నీకు వినబడింది, పక్కనే ఉన్న ఆయనకి వినబడలేదు. అది తెలిశాక నాకు భయమేసింది. అందుకే రాస్తున్నాను.

బాప్తిస్మం ఎందుకు వాయిదా వేస్తున్నావు, నీళ్లంటే భయమా అని కూడా అడిగావు. దానికి జవాబు చెప్పాలంటే కుర్చీ సంగతి చెప్పాలి.

నేను బాప్తిస్మానికి పేరు ఇచ్చాక పాస్టరమ్మగారు ఇంటికొచ్చారు. "అక్కా, నీళ్లలో దిగడం ఎంతసేపు, ఒక్క మునక. ముందు మనసు సిద్ధపడాలి. రోజూ కాసేపు ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసుకో. ప్రభువు అందులో కూర్చున్నాడనుకుని లోపలున్నదంతా చెప్పుకో. ఏదీ దాచకు" అన్నారు. నేనసలే మాటల పుట్టని, ఇదేం పెద్ద పని అనుకున్నాను.

మధ్యాహ్నం మీ నాన్న తిని గుర్రు పెట్టగానే, వరండాలో ఉండే పాత కుర్చీని ముందుగదిలోకి తెచ్చుకునేదాన్ని. దాని సీటు నేనే కొత్తగా అల్లి బిగించాను. మొదట్లో బాగానే ఉంది. పక్కింటావిడ కొత్త ఫ్రిజ్ మీద అసూయ, మీ నాన్నని రోజూ లోలోపల తిట్టుకోవడం, అన్నీ చెప్పుకున్నాను. ఒకరోజు కళ్లు తెరిచి చూస్తే సీటు మధ్యలో కుంగి ఉంది. మనిషి కూర్చుంటే వైరు ఎంత కుంగుతుందో నాకు తెలియదా? అది పెద్దవాళ్ల బరువు కాదు. కింద గచ్చు మీద చిన్న మడుగు. పట్టపగలు, గదినిండా ఎండ. వీధిలో కూరగాయల బండివాడు కేకలేస్తున్నాడు. కుర్చీలోంచి మాత్రం టప్ టప్‌మని నీళ్లు.

ముందు భయపడ్డాను. ఆ వెంటనే, నిజం చెబుతున్నాను, సంతోషం వేసింది. కాలవ తీసుకుపోయిన నీ చెల్లెలు, నా చిట్టి, ఇన్నేళ్లకి అమ్మని చూడ్డానికి వచ్చిందనుకున్నాను. రోజూ దానితోనే మాట్లాడాను, ప్రభువుని పక్కన పెట్టేశాను. జడ వేస్తాను రమ్మన్నాను. చుక్కలు పడుతూనే ఉన్నాయి. కుర్చీని ఎంత ఎండలో పెట్టినా ఆరేది కాదు.

పాస్టరమ్మగారికి చెబితే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఆ కుర్చీని చూసి కాస్త దూరం జరిగారు. "పోయినవాళ్లని పిలవకక్కా, అది మన పని కాదు. చిట్టి ప్రభువు దగ్గరుంది. ఇక్కడున్నది ఎవరో ఆయన్నే అడుగు" అన్నారు.

అడిగాను. అడిగి కళ్లు మూసుకున్నాను. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏడుపు బయటికి రానివ్వకుండా ఆపి ఆపి ఎగబీల్చడం. చిట్టి అలా ఏడవదు, అది ఏడిస్తే వీధి వీధంతా వినేది. ఈ ఇంట్లో అలా ఏడ్చింది ఒక్కడే. అది నువ్వురా. అక్కడ లిఫ్టులు బాగుచేసుకుంటూ నిక్షేపంగా ఉన్న నువ్వు కాదు, ఆ రోజు కాలవ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన నువ్వు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఆ రోజు నువ్వూ నీళ్లలో దూకి చిట్టి కోసం వెతికావు. అది దొరక్క, తడిబట్టలతో గుమ్మంలో నిలబడ్డావు. "అది లేకుండా లోపలికి రాకు" అన్నాను. నువ్వు రాలేదు. జనం వస్తూ పోతూ ఉంటే, వీధి దీపాలు వెలిగేదాకా వరండాలో ఈ కుర్చీలోనే కూర్చున్నావు. తర్వాత అందరి ముందూ "పసివాడు, వాడి తప్పేముంది" అన్నాను. అన్నది నోరే, మనసు కాదు. నేను నిన్ను క్షమించలేదురా. కన్నా, బంగారం అని రాస్తూనే, బంతి కోసం వెళ్లి చెల్లిని కాలవ గట్టున వదిలేశావన్నది లోపల అలాగే పెట్టుకున్నాను. బాప్తిస్మానికి వస్తానన్న ప్రతిసారీ సెలవు దండగ అన్నాను. సెలవు గురించి కాదు. నీళ్ల పక్కన నువ్వు నిలబడితే చూడలేననిపించింది. నాకు నీళ్లంటే భయం లేదు, నీ మీద కోపం ఉంది. అది పెట్టుకుని దిగితే తడిసి రావడం తప్ప ఇంకేముంటుంది?

నిన్న ప్రభువుతో ఇదే చెప్పాను. వాణ్ణి క్షమించడం నావల్ల కావడం లేదు, నువ్వే చేయించు అని ఏడ్చాను. ఎదురుగా చలికి పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు ఆగడం లేదు. ఇక ఉండబట్టలేక తువ్వాలు తెచ్చి, నీ తల ఉండాల్సిన చోట తుడవడం మొదలుపెట్టాను. పిచ్చిదాన్ననుకో. చేతికింద చిన్న తల తగిలింది, చల్లగా. చెవుల వెనక కూడా తుడిచాను. "లోపలికి రా నాన్నా, దాన్ని వెతికింది చాలు" అన్నాను. చప్పుడు ఆగిపోయింది. సీటు మెల్లగా పైకి లేచింది. తువ్వాలు పిండితే నీళ్లు కారాయి, నాచు వాసన వేసింది. ఈ పొద్దున చూస్తే కుర్చీ పొడిగా ఉంది.

మా మందిరంలో తొట్టిలో మునిగి లేచినవాళ్లకి ఇంటివాళ్లెవరైనా గట్టు మీద నిలబడి చెయ్యందిస్తారు. నీకెవరు అందిస్తారని పాస్టరుగారు అడిగారు. మా పెద్దోడు అన్నాను. నువ్వు వచ్చేదాకా దిగను. వచ్చి నన్ను నీళ్లలోంచి పైకి లాగరా.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ