దాదీ ఎందుకు ఏడ్చింది

తొర్రూరు దగ్గరి తండా,
మార్చి 12, 2012.

ప్రియమైన శ్రేయకు,

సుమన రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క నీ వ్యాసంలో తప్ప. తరిగొప్పులలో మీ వాళ్లూ బాగానే ఉన్నారు. మీ నాయిన జగపతి బాపు మొన్న జనగామలో కలిసి, హైదరాబాద్‌ల ప్రైవేటు యూనివర్సిటీ మా బిడ్డ రాసింది అచ్చేసిందని బస్టాండంతా వినేలా చెప్పాడు. నాకూ గర్వంగా అనిపించింది. డిగ్రీలో నా పక్కన కూర్చుని నా డబ్బాలోని జొన్నరొట్టె కాజేసిన పిల్లవి కదా!

ఆ రోజు నేను వచ్చింది ఉద్యమ సభకు. అక్కడ ఒక లెక్చరర్ నీ వ్యాసమే చదివాడు, 'ఖాళీ అవుతున్న తండాలు'. తెలంగాణ వస్తే తప్ప ఈ కన్నీళ్లు ఆగవంటే జనం చప్పట్లు కొట్టారు. నేనూ అరచేతులు మండేలా కొట్టాను. అప్పుడు మా తండా పేరు వచ్చింది. తాళం వేసిన బడి, మనుషుల్లేని ఇళ్లు, వలసపోయిన కొడుకుల కోసం ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్న ఇద్దరు ముసలమ్మలు. నా చేతులు ఆగిపోయాయి.

ఓసి మొద్దూ, నువ్వొచ్చింది పోయినేడు సకల జనుల సమ్మెలో కదే! టీచర్లమంతా సమ్మెలో ఉంటిమి, బడికి తాళం వేసింది నేనే. ఇళ్లలో మనుషులు లేకపోవడమేంటి, అందరం తొర్రూరు రోడ్డు మీద రాస్తారోకోలో కూర్చున్నాం. నేను వచ్చేదాకా ఆగమని ఫోన్ చేస్తే, నీ పరిశోధన గైడు, మీ సారు తొందర పడుతున్నాడని వెళ్లిపోయావు.

ఆ ముసలమ్మల్లో ఒకరు మా దాదీ, అదే మా నాయనమ్మ మోతీబాయి. రెండో ఆమె దాదీ చెల్లెలు కమలాబాయి. ఆమె కొడుకు భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుడు. బస్సులతో పాటు గనులూ బందే కనుక, ఈ సందున అక్కను చూద్దామని ట్రాలీ ఆటోలు మారి మారి వచ్చింది. మా లంబాడీల్లో చాన్నాళ్లకు కలిసిన ఆడవాళ్లు మెడలు కావలించుకుని, రాగం తీసి ఏడుస్తారు. అది మా పలకరింపు. ఏడవకపోతేనే తంటా, నేనొస్తే ఇష్టం లేదా అని అలుగుతారు.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. పోయిన వారం మండలం నుంచి విద్యాశాఖ సారు వచ్చాడు, చేతిలో నీ వ్యాసం. తండా ఖాళీ అవుతోంది కాబట్టి జూన్ నుంచి మా బడిని వాగు అవతలి ఊరి బడిలో కలిపేస్తారట. పిల్లలు మీ ముందే గోల చేస్తున్నారు కదా సార్, చూడండి అన్నాను. చూశాడు కూడా. చూసి, గంత పెద్ద యూనివర్సిటోళ్లు రాసినంక నేను కాదంటే ఎవరింటరమ్మా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వానాకాలం ఆ వాగు దాటించి చిన్న పిల్లలను బడికి ఎవరు పంపుతారు? ఆడపిల్లలను అసలే పంపరు. నేను ఓనమాలు దిద్దింది ఈ బడిలోనే. ఇది లేకుంటే నీ పక్క బెంచీ దాకా వచ్చేదాన్నే కాదు. తలుచుకుంటే ఏడుపొస్తోంది, ఇది మాత్రం పలకరింపు ఏడుపు కాదు.

మా అన్న ప్రేమ్‌సింగ్ నన్ను గమ్మునుండమన్నాడు. రాష్ట్రం వచ్చేదాక జర ఓపిక పట్టు చెల్లే, గిదొక్కటి తప్పని తేలితే మనం చెప్పేటియన్నీ అబద్ధాలే అంటరు అన్నాడు. ఆ మాట కొట్టిపారేయలేను. రెండు రోజులు అదే ఆలోచించాను. కానీ మన బాధ మనల్నే చెప్పుకోనివ్వండని కదా ఇంత కొట్లాట! అలాంటప్పుడు దాదీ ఎందుకు ఏడుస్తోందో దాదీని అడగకుండా రాయొచ్చా?

అచ్చయినదాన్ని మార్చమంటే మీ సారుకు కోపం వస్తుందని, నీ పరిశోధన మధ్యలోనే ఆగిపోతుందని ఫోన్‌లో అన్నావు. అక్కడిదాకా చేరడానికి నువ్వు పడ్డ కష్టం నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. నేను ఎన్ని దరఖాస్తులు పెట్టినా కదలని ఆఫీసు నీ ఒక్క ముక్కతో కదులుతుంది. నా కోపమంతా అక్కడే. నీ మీద లేదని అబద్ధమాడను, సగం నీ మీదే. బడి మూయకముందే రా శ్రేయా. వచ్చి అడిగి, మళ్లీ రాయి.

నీ జొన్నరొట్టె స్నేహితురాలు,
సుమన

తా.క.: నేను అడిగితే నువ్వు పంపిన ఆ రోజు ఏడుపుల రికార్డింగు నిన్న దాదీ పక్కన కూర్చుని విన్నాను. చెల్లెలితో అయ్యాక దాదీ నీ మెడ పట్టుకుని కూడా ఏడ్చింది కదా. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర సైతం దుఃఖం ఆపుకోలేకపోయిందని రాశావు. మా లంబాడీ భాషలో ఆమె పాడినదానికి అర్థం ఇదీ: ఎవరు కన్న బిడ్డవో, బస్సుల్లేని నాడు నా గడప తొక్కినవు, ఇయ్యాల నా ఇల్లు నిండింది బిడ్డా. అంతా విని దాదీ నన్ను ఒక్కటే అడిగింది: గా పిల్ల నన్ను పట్టుకొని ఏడ్వలేదేందే, నా ఇంటికొచ్చుడు ఇష్టం లేకుండెనా అని.