తొలికాపు బిడ్డ

ముసునూరు,
8 జూలై 1984.

నాకు దక్కని చోట కూర్చున్న ప్రియమైన తమ్ముడు యేసుపాదానికి,

నిన్ను బస్సెక్కించడానికి సంఘమంతా వచ్చింది, నేను రాలేదు. అక్కకు తలనొప్పి అని అమ్మ నీతో చెప్పిందట. తలనొప్పి కాదు, అసూయ. దానికి మరో పేరు పెట్టి గౌరవం తెచ్చుకోవడం నాకిష్టం లేదు.

మే నెల కమిటీ సమావేశాన్ని నువ్వు గోడవారగా కూర్చుని విన్నావు, నేను నిలబడి విన్నాను. అందుకే నాకు మరింత స్పష్టంగా గుర్తుంది. మన చర్చి సంఘం పాస్టరు చదువుకు సెమినరీకి నాలుగేళ్ళకు ఒక్కరినే పంపుతుంది. సంఘ కమిటీ సిఫారసు పత్రం లేనిదే అక్కడివారు దరఖాస్తు విప్పి చూడరు. ఈసారి వచ్చినవి రెండు దరఖాస్తులు, నీదీ నాదీ. నువ్వు బి.ఏ. రెండో తరగతిలో గట్టెక్కావు. నేను మొదటి తరగతి, నూజివీడు పి.జి. సెంటరులో ఎం.ఏ. సగం పూర్తిచేసి, అవసరమైతే దాన్ని వదులుకుని వస్తానని రాసిచ్చాను.

అధ్యక్షుడు గంగరాజు గారు నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మాయ్, ఆడపిల్లలకి బైబిలు ఉమన్ ట్రైనింగు ఉందిగా. ఏడాదిలో అయిపోద్ది. ఇళ్ళకెళ్ళి ఆడోళ్ళకి నాలుగు మంచిమాటలు చెప్పుకోవచ్చు. ఈ గ్రీకులూ అవీ నీకెందుకమ్మా?" అన్నారు.

"గ్రీకు మగాళ్ళ భాషా అండీ?" అని అడిగాను.

"చూశారా అయ్యగారూ, నోరు!" అంటూ ఆయన పాస్టరు ఆరోగ్యం గారి వైపు తిరిగారు. ఆరోగ్యం అయ్యగారు మంచివారు. ఇటువంటి సందర్భాల్లో మంచివారు చేసే పనే ఆయనా చేశారు: కిటికీలోంచి బయటకు చూశారు.

పావుగంట వాదించాను. చివరికి గంగరాజు గారు, "వాడు తల్లి మొక్కుకుని దేవుడికిచ్చిన బిడ్డ. దాని మీద ఇంక మాటేంటి?" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. తర్కానికి తర్కంతో బదులివ్వగలను, అమ్మ మొక్కుకు ఏమని బదులివ్వను? అమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది. నువ్వూ తలెత్తలేదు. నేను గర్భస్థ శిశువుతో పోటీపడి ఓడిపోయానన్నమాట.

తరగతిలో నువ్వు రాసుకునే నోట్సుకు ప్రతి నెలా నకలు తీసి నాకు పంపు. ఇది అక్క ఆజ్ఞ కాదు, ఓడినదాని హక్కు.

ఓర్వలేని నీ అక్క,
సువార్త


సెమినరీ హాస్టలు, హైదరాబాదు,
2 సెప్టెంబరు 1984.

కోపంలోనూ నాకు ఉత్తరం రాసిన ప్రియమైన అక్కకు వందనాలు.

బందుల వల్ల టపా నడవక ఆలస్యమైంది. రెండు నెలల నోట్సు ఇందులోనే పెట్టాను. గ్రీకు అక్షరాలు నాకింకా కుదురుకోలేదు. గుర్తుపట్టేలోగా ప్రొఫెసరు గారు బోర్డు తుడిచేస్తున్నారు.

ప్రతి గురువారం ప్రార్థనామందిరంలో ఒక విద్యార్థి ప్రసంగించాలి. అయిపోయాక అతన్ని అక్కడే నిలబెట్టి తక్కినవాళ్ళు తప్పులు పడతారు. నా వంతు వస్తోందంటే నాకు అన్నం సహించడం లేదు. నువ్వైతే గురువారం కోసం కాచుకుని కూర్చునేదానివి.

మా తరగతిలో ఇరవైమందిమి. వారిలో ఇద్దరు స్త్రీలు. ఏలూరు వైపు నుంచి వచ్చిన ఇన్నమ్మ గారు లేచి ప్రశ్న వేస్తే ప్రొఫెసరు గారు సుద్దముక్క కిందపెట్టి ఆలోచిస్తారు. ఆమె లేచినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

ప్రవక్త యెషయాకు వచ్చిన పిలుపు మీద పది పేజీల వ్యాసం రాయాలి. రెండు పేజీల దగ్గర ఆగిపోయాను. నువ్వు ఏమైనా సూచిస్తావా? ఫిబ్రవరిలో మరొకటి ఉంది. 'నా పిలుపు' అనే విషయం మీద ఒక్కొక్కరం అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. అది నేనింకా మొదలుపెట్టలేదు.

నీ సాయం లేనిదే పది పేజీలు నింపలేని తమ్ముడు,
యేసుపాదం


ముసునూరు,
14 అక్టోబరు 1984.

ఇన్నమ్మ గారి సహాధ్యాయీ, నా ప్రియమైన తమ్ముడూ,

ఆ పేరు రాయకుండా ఉండవలసింది. ఇంతవరకూ నా అసూయకు నువ్వొక్కడివే ఆధారం. ఆడవాళ్ళకు ఆ తరగతిలో చోటు లేదన్న అబద్ధమైనా నాకు కొంత ఊరటగా ఉండేది. చోటు ఉంది, అందులో మరొకామె కూర్చుంది. సుద్దముక్క కిందపెట్టించే ప్రశ్న ఏమి వేసిందో నువ్వు రాయలేదు. వచ్చే ఉత్తరంలో రాయి. దానికంటే మంచి ప్రశ్న వేయగలనో లేదో చూసుకోవాలి.

నీ నోట్సులో గ్రీకు అక్షరాల క్రమం రెండుచోట్ల తప్పింది. నేను వాటిని నాన్న కాపలా కాసే దశరథరామయ్య గారి మామిడితోటలో, మోటారు గది గోడ మీద బొగ్గుతో రాసి నేర్చుకున్నాను. నాన్న చూసి, "ఏంటే ఈ ముగ్గులు?" అన్నాడు. "తమ్ముడి చదువు, నాన్నా" అన్నాను. వెంటనే కండువాతో గోడ అంచున మట్టి దులిపి, "చెరిగిపోకుండా పైన రెండు తాటాకులు కట్టనా?" అన్నాడు. నీ చదువని చెప్పకపోతే గోడ కడిగించేవాడు.

వ్యాసం పది పేజీలూ రాసి పంపుతున్నాను. చదివి, అర్థం చేసుకుని, నీ మాటల్లో తిరిగి రాయి. ఫిబ్రవరి సాక్ష్యం మాత్రం నేను రాయను. అయితే ఒక ప్రశ్న అడుగుతాను. నీకు పిలుపు వినిపించిందా, అమ్మ మొక్కు వినిపించిందా? రెండూ ఒకటే అని తప్పించుకోకు.

నువ్వు కూర్చున్న తరగతిని చూడలేని నీ అక్క,
సువార్త


ముసునూరు,
6 జనవరి 1985.

జ్ఞానవంతుడైన యేసుపాదం గారికి,

నువ్వు క్రిస్మసుకు రాలేదు. నీ సందేశం వచ్చింది. ఆరోగ్యం అయ్యగారు ఆరాధనలో దాన్ని చదివి వినిపించారు. "దేవుడు ఎవరిని పంపను అని అడిగాడే గాని, నువ్వు ఎవరి కొడుకువి అని అడగలేదు" అన్న వాక్యం దగ్గర గంగరాజు గారు కళ్ళు ఒత్తుకుని, "ఆరు నెలలకే మనోడికి ఎంత జ్ఞానం వచ్చిందో చూశారా!" అన్నారు. వెనక వరసలో గోవిందమ్మ పిన్ని, "పుట్టుకతోనే ఉంది వాడికి" అంది.

ఆ వాక్యం నీకు పంపిన వ్యాసంలో ఆరో పేజీలోనిది. కమిటీలో నేను వాళ్ళకు చెప్పాలనుకుని, చెప్పేలోగా మొక్కు అడ్డం రాగా మింగేసిన మాట అది. నా నోట వస్తే నోరు అన్నవాళ్ళు నీ పేరుతో వచ్చేసరికి జ్ఞానం అన్నారు. వాళ్ళకు వ్యతిరేకంగా రాసిన వాక్యానికి వాళ్ళే ఆమేన్ చెబుతుంటే, వాళ్ళ మధ్య చాప మీద కూర్చుని నేనూ ఆమేన్ అన్నాను. అంతకంటే నీచమైన గడియ నాకు గుర్తులేదు.

అమ్మ సగంలో లేచి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళి "ఏంటమ్మా?" అంటే, "పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చానే" అంది. ఇంటికి వెళ్ళి చూశాను. పొయ్యి వెలిగించలేదు. "వాడిని తలుచుకుంటే నీకు ఏడుపెందుకు, సంతోషించాలి గాని" అని నాన్న కసిరాడు.

ఇక నోట్సు పంపవద్దు. పోగొట్టుకున్నదాన్ని నెలనెలా ముక్కలుగా చదువుకునే ఓపిక అయిపోయింది.

నీ పేరుతో వాక్యాలు రాసిపెట్టిన,
సువార్త


సెమినరీ హాస్టలు, హైదరాబాదు,
24 ఫిబ్రవరి 1985.

నాకంటే ముందు పుట్టిన ప్రియమైన అక్కకు,

వాక్యం దొంగిలించాను, క్షమించమని అడగను. అంతకంటే పెద్ద దొంగతనం ఒకటి చెప్పాలి.

మేలో మన చర్చిలో జరిగే కోతపండుగ నీకు తెలుసు. అందరూ పంటలో తొలి భాగం తెచ్చి ఆరాధన బల్ల ముందు పెడతారు, తరవాత వేలం వేస్తారు. వేలం వేయని గంప ఒకటి ఉంటుంది, మొక్కుబడి బిడ్డది. పుట్టిన ఏడు తల్లి ఆ బిడ్డను తొలికాపు రసం మామిడిపళ్ళ మధ్య గంపలో పడుకోబెట్టి దేవుడికి అర్పిస్తుంది. నడక వచ్చాక ఏటా ఆ బిడ్డే గంప మోసుకెళ్ళాలి. రెండు కాన్పులు పోయాక, బతికిన మొదటి బిడ్డను సేవకు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. బతికిన మొదటి బిడ్డవు నువ్వక్కా. గంపలో పడుకోబెట్టింది నిన్ను.

నీకు తొమ్మిదేళ్ళు వచ్చేవరకూ నువ్వే మోశావు. నాకు ఏడేళ్ళు. ఆ ఏడాది నడవలో దొర్లి ఏడ్చాను, "ఎప్పుడూ అదేనా, నాకెందుకియ్యరు?" అని. ఊరుకోబెట్టడానికి అమ్మ నీ నెత్తిన ఉన్న గంప తీసి నా నెత్తిన పెట్టింది. అందరూ నవ్వారు. గంగరాజు గారు లేచి, "దేవుడే మార్చాడ్రా! ఆడపిల్లని అయ్యగార్ని చేసుకుంటాడా ఆయన?" అన్నారట. అప్పటి పాస్టరు గారు మొక్కుల పుస్తకంలో నీ పేరు కొట్టేసి నా పేరు రాశారు.

నేను దరఖాస్తు పెట్టే ముందు అమ్మ ఇదంతా చెప్పి, "దాని దగ్గర ఎత్తకు, నాన్నా" అంది. సమావేశంలో గోడవారగా కూర్చున్నప్పుడు నాకు అంతా తెలుసు. నువ్వు వాదిస్తున్నంతసేపూ నాకు భయం లేదు, నువ్వు ఓడిపోతావని తెలుసు కనక.

మొన్న గురువారం సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. "నన్ను పిలిచింది దేవుడో, మా అక్క మీద నా ఏడుపో నాకు తెలియదు" అని నిలబడిపోయాను. ఆ గురువారం ఎవరూ తప్పులు పట్టలేదు. ప్రిన్సిపాలు గారికి అంతా చెప్పాను. కమిటీకీ ఈ రోజే రాస్తున్నాను. మార్చి నెలాఖరుకు తిరిగి వచ్చేస్తాను. ఆ సిఫారసు నీది, తీసుకో.

నీ గంప మోస్తున్న తమ్ముడు,
యేసుపాదం


ముసునూరు,
21 ఏప్రిల్ 1985.

ప్రియమైన తమ్ముడూ, నా తొలి ప్రత్యర్థీ,

రావద్దని నేనిచ్చిన టెలిగ్రాము చూసి ఆగావు. కారణం ఇప్పుడు చెబుతాను. గుడివాడ కాలేజీ వక్తృత్వ పోటీలో ఒకసారి ప్రత్యర్థి రాలేదని నాకు కప్పు ఇచ్చారు. బల్ల మీదే వదిలి బస్సెక్కాను. నువ్వు లేచిపోతే దక్కే కుర్చీ అలాంటిది. నాకు నీ కుర్చీ వద్దు, దాని పక్కన మరొకటి వేయాలి.

కమిటీకి నువ్వు రాసిన ఉత్తరం మీద నిన్న సమావేశం జరిగింది. "పదమూడేళ్ళ నాటి సంగతి. అప్పుడే దేవుడు మార్చేశాడు" అని గంగరాజు గారు మొదలుపెట్టారు. మార్చినది దేవుడు కాదు, ఏడేళ్ళ పిల్లవాడి మారాము అన్నాను. నాలుగేళ్ళకు ఒక్కరన్న నియమం రాసుకున్నది మనమే, మనమే తిరిగి రాసుకోవచ్చు అన్నాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, "సరే, మొక్కు దానిదేనంటున్నారు గదా. బైబిలు ఉమన్‌గా పంపుదాం, మొక్కు తీరిపోద్ది" అన్నారు. చాలా తలలు ఊగాయి.

అప్పుడు అమ్మ లేచింది. అంతకుముందు ఏ సమావేశంలోనూ అమ్మ గొంతు ఎవరైనా విని ఉంటారని నేననుకోను.

"నేను బిడ్డనిస్తానన్నానండీ. బైబిలు ఉమన్ని ఇస్తానన్లేదు."

"నాగేంద్రమ్మా, నువ్వు కూర్చో" అన్నారు గంగరాజు గారు.

"పదమూడేళ్ళు కూర్చున్నానండీ. ఆ రోజు మీరంతా నవ్వారు. నాకు సిగ్గేసింది. దేవుడి ముందు కాదండీ, మీ ముందు. ఆ సిగ్గుకి పిల్లని మారిస్తే ఊరుకున్నాను. అదేం తప్పు చేసిందని?"

నాన్న ఆమె చెయ్యి పట్టి లాగబోయి, లాగకుండా ఊరుకున్నాడు. నీతోపాటు నన్నూ సెమినరీకి పంపాలా వద్దా అని ఆరోగ్యం అయ్యగారు ఓటు పెట్టారు. కమిటీ మూడుకు మూడుగా చీలింది. ఏడో ఓటు అయ్యగారిది. ఈసారి ఆయన కిటికీ వైపు తిరగలేదు. నా కాగితం తీసుకుని సంతకం చేశారు. చదువు పూర్తయినా పాస్టరుగా అభిషేకిస్తామని మాట ఇవ్వలేమని కింద ఒక వాక్యం చేర్చారు. ఆ వాదన నాలుగేళ్ళ తరవాతది. అప్పటికి నా దగ్గర గ్రీకు కూడా ఉంటుంది.

గంప సంగతి నాకు లీలగా గుర్తుంది. నువ్వు చిన్నవాడివని నీ మొక్కు గంప నాకిచ్చారనీ, బరువు మోయలేకపోతున్నానని దించారనీ అనుకున్నాను. ఆ ఏడాదంతా బలం రావాలని నీళ్ళ బిందెలు ఎత్తాను. ఇది నీ మీద నేరంగా రాయడం లేదు, నాకే ఇప్పుడు తెలిసింది కనక రాస్తున్నాను. కానీ మొక్కు వల్ల వస్తున్నానని అక్కడ ఎవరితోనూ అనకు. నన్ను ఏ గంపలోనూ పడుకోబెట్టకపోయినా దరఖాస్తు పెట్టేదాన్ని, పెట్టాను కూడా.

ఒకటి ఒప్పుకోవాలి. నీ ఉత్తరం చదివినప్పుడు కోపంకంటే ముందు సంతోషం కలిగింది. ఈ ఇంట్లో తోబుట్టువు అదృష్టం చూసి కుళ్ళుకున్నది నేనొక్కదాన్నే అనుకుని ఏడాదిగా నన్ను నేను అసహ్యించుకున్నాను. నువ్వు నాకంటే పన్నెండేళ్ళ ముందే మొదలుపెట్టావు. అయినా నా అసూయ తగ్గలేదు. నువ్వు ఒక ఏడాది పైతరగతిలో ఉంటావు, అది నేను భరించాలి.

అమ్మ ఇప్పుడే వచ్చి, "వాడు అక్కడ ఏడుస్తన్నాడేమో కనుక్కోవే" అంది. ఏడుస్తూ ఉంటే ఇక ఆపు. నీకు పరీక్షలు దగ్గరపడ్డాయి. ఫెయిలై నా తరగతిలోకి వచ్చి కూర్చున్నావంటే మాత్రం ఊరుకోను.

నీకు ఒక ఏడాది వెనకగా వస్తున్న అక్క,
సువార్త